చుండ్రుకు పథ్యమా?

పంచాయతీ సభ్యులారా,

కోనసీమలో గాని, భీమవరము ప్రాంతమున గాని మేము గ్రామములకు పోయినపుడు తరచుగా ఒక మాట వినుచుందుము. పిల్లకు చుండ్రు పట్టినదట. అందుచేత పప్పు, వంకాయ, గుడ్డు, చేప మాన్పించిరట. ఇక ఆ పిల్ల కంచములో మిగులునది తెల్లని అన్నము, చారు. చుండ్రు మాత్రము పోలేదు.

పోకపోవుటకు కారణము కలదు. పెద్దవారందరి నెత్తిమీదను మలసీజియా అను కంటికి కనబడని బూజు నివసించుచుండును. చర్మమునుండి ఊరు జిడ్డే దానికి ఆహారము. ఆ జిడ్డును తిని అది విడుచు ఆమ్లములు కొందరికి సరిపడవు. పొట్టు రాలును, దురద పుట్టును. యౌవనమున జిడ్డు హెచ్చుగా ఊరును గనుక చుండ్రు ఆ వయసుననే బయలుదేరును. పాపము, వంకాయ చేసిన నేరమేమియు లేదు! తీపి, వేపుళ్లు తగ్గించుట ఒంటికి మంచిదే గాని, అది చుండ్రుకు మందని రుజువు కాలేదు. తల శుభ్రముగా కడుగుకొనవలెను. అప్పటికిని తగ్గనిచో కీటోకొనజోల్ కలిసిన షాంపూను వైద్యుడు చెప్పినట్లు వాడవలెను.

అట్లయిన తిండికిని తలకును సంబంధమే లేదా? కలదు, అది వేరొక తీరుది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మన డెల్టాలో వరి సమృద్ధియైనది. తరువాత మరలు వచ్చి బియ్యమును తెల్లగా పాలిషు పట్టినవి. తవుడుతోపాటు బి విటమినులును పోయినవి. వానిలో రైబోఫ్లేవిన్ కొరవడినచో నోటి మూలలు పగులును, ముక్కు ప్రక్కల జిడ్డుపొట్టు లేచును. పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర ఆ లోటును తీర్చునవి. మనము పథ్యమని మాన్పించునవియు వీనిలోనివే గదా!

పసిబిడ్డల విషయము ఇంకను గట్టిది. కూనూరులో 1918లో మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. తిండి చాలని బిడ్డలను గూర్చి అచ్చట విశేషముగా పరిశోధించిరి. అట్టి బిడ్డ జుట్టు పలుచబడును, నలుపు తగ్గి ఎర్రబారును, కొద్దిగా లాగినంతనే నొప్పి లేక ఊడివచ్చును. తల్లి దానిని తలజబ్బనుకొని నూనెలు కొనును.

మీ వార్డులో అట్టి బిడ్డ కనబడినచో అంగన్‌వాడీలో తూకము వేయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. పాదములు వాచియున్నచో మరునాటివరకు ఆగరాదు; ఆ దినముననే తీసికొనిపోవలెను.