బాడుగ ఇల్లు – పెన్షనరు పాట్లు

(నంద్యాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉండగా జీతంతోపాటు ఇంటి అద్దె అలవెన్సు వచ్చేది. రిటైరైన మరునెలనుంచి అది లేదు. ఇల్లు మాత్రం కావాలి కదా! సొంత ఇల్లున్నవారి సంగతి వేరు. నేను మనవి చేసేది కుటుంబ పెన్షనుతో నెట్టుకొస్తున్న ఆడపడుచుల గురించి, ఇ.పి.యస్.-95 కింద ఉన్న ఆర్టీసీ, మిల్లు కార్మికుల గురించి. ఆ పథకంలో కనీస పెన్షను 1,000 రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. వెయ్యికి నంద్యాలలో గది ఎవరిస్తారు?

2022 ఏప్రిల్ 4న మన ఊరు జిల్లా కేంద్రమైంది. సంతోషమే. ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, బాడుగలూ పెరిగాయి. బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చే పిల్లలను గదికి నలుగురిని పెట్టి, తలకింత అని తీసుకోవడం యజమానికి లాభం. ముసలి దంపతులంటే 'రేపు ఏమైనా అయితే మాకెందుకు' అని తలుపు వేస్తున్నారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. నెల మొదట్లో తప్పకుండా బాడుగ కట్టేవాడు పెన్షనరు కాక మరెవరు?

ఆళ్లగడ్డలో బాడుగ తక్కువే. అయితే నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. రైలు లేదు, బస్సే గతి. నెలకు రెండుమార్లు డాక్టరు కోసం ఇక్కడికి రావలసినవారు, తోడు మనిషి చార్జీ కూడా కలిపి లెక్క వేసుకోవాలి. ఆ బాధ లేనివారికి ఆళ్లగడ్డే మేలు.

మిద్దె మీది గది చవకగా వస్తుంది. మే నెల ఎండకు అందులో పడుకోలేరు. టిడ్కో ఇళ్లకు కింది అంతస్తు మీద మూడంతస్తులు. మోకాళ్ల నొప్పులవారు కింది ఇల్లే అడగాలి. అది ఎవరికి మంజూరైందో కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. కుందూ దగ్గర కింది ఇల్లయితే, 2019 సెప్టెంబరు వానలకు నీళ్లు ఎందాకా వచ్చాయో పక్కింటివారినడగండి.

పదకొండు నెలలకే కాగితం రాద్దామంటారు. ఏడాదికి మించిన లీజునే రిజిస్టరు చేయించాలన్న 1908 నాటి చట్టం నియమం నుంచి వచ్చిన అలవాటది, కానీ మన రాష్ట్ర సవరణ ప్రకారం ఏడాదిలోపు లీజునైనా రిజిస్టరు చేయించాలి. అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు, సున్నం ఖర్చు ఎవరిది, కరెంటు మీటరు వేరా – ఇవన్నీ రాయించుకోండి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టం, నివాసానికి రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు వద్దంటుంది. అది నమూనాయే అయినా బేరానికి పనికొస్తుంది.

ఒక ప్రతిపాదన. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లి, సగం ఇంటికి తాళం వేసుకున్నవారు మనలోనే ఉన్నారు. ఖాళీ గదుల వివరాలు రాయడానికి సంఘం ఆఫీసులో రిజిస్టరు పెట్టండి. మొదటి పేరు నాది రాసుకోండి. మా వెనుకవైపు రెండు గదులు వచ్చే నెల ఖాళీ అవుతున్నాయి.