డబ్బా మీద రాయని పేరు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"రేడియో విలేకరిగా నలుగురికీ తెలిసినవాడివి, పోయి పోయి లైబ్రరీలో ఎందుకు కూర్చున్నావయ్యా?" అని మీలో చాలామంది నన్ను అడిగారు. నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈ రోజు కార్యదర్శిగారు పది నిమిషాలు ఇచ్చారు కనుక జవాబు చెబుతాను.

నేను 1974లో ఉద్యోగంలో చేరాను. భుజాన టేప్ రికార్డరు, చేతిలో మైకు. ఊళ్ళు తిరిగి మాటలు పట్టుకురావడం, బ్లేడుతో టేపు కోసి అతికించడం, సాయంత్రం ప్రసారానికి అందించడం - ఇదే పని. 1200 అడుగుల స్పూలు మీద, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో, 32 నిమిషాలు పట్టేది. అందులో నాలుగు నిమిషాలు ప్రసారమయ్యేవి. స్పూళ్ళకు ఎప్పుడూ కొరతే కాబట్టి, పని అయ్యాక చెరిపి మళ్ళీ వాడుకునేవాళ్ళం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. కొద్ది రోజులకు నేను అక్కడికి వెళ్ళాను. తాటిచెట్టును పట్టుకుని రాత్రంతా నిలిచి బతికిన ఒక పెద్దాయన నాతో మాట్లాడారు. ఏడవలేదు. పోయిన తనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పారు.

రెండేళ్ళ తరువాత ఆయన కొడుకు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "నాన్న పోయాడండి. ఇంట్లో ఫోటో కూడా లేదు. ఆయన గొంతు ఒక్కసారి వినిపిస్తారా?" అన్నాడు.

రెండు రోజులు వెదికాను. డబ్బా దొరికింది. దాని మీద నేను రాసింది "తుఫాను - 2" అని మాత్రమే. పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. స్పూలు మిషను మీద పెడితే ఎరువుల మోతాదు గురించి ఎవరిదో ప్రసంగం వినిపించింది. చెరిపినవారిని ఏమనగలను? అది దాచవలసినదని వారికి తెలిసేలా నేను ఒక్క ముక్క రాయలేదు. ఆ అబ్బాయి "పోనీలెండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అతని చిరునామా కూడా తీసుకోలేదు.

ఆ తరువాత జీతం లేని సెలవు పెట్టి గ్రంథాలయ శాస్త్రం చదివాను. తిరిగి వచ్చి టేపుల లైబ్రరీ అడిగి తీసుకున్నాను. "మైకు వదిలి బీరువా తాళాలు పట్టుకున్నాడు" అని స్నేహితులు వేళాకోళం చేశారు. ఇంట్లోనూ కొన్నాళ్ళు అలకలే.

రంగనాథన్‌గారు 1931లో అయిదు సూత్రాలు చెప్పారు. వాటిలో నాలుగవది పాఠకుని కాలం ఆదా చేయమంటుంది. పుస్తకమైతే అట్ట తిప్పితే తన సంగతి తానే చెబుతుంది. టేపు చెప్పదు. మొదటినుంచి చివరిదాకా వినాలి. ఎవరు మాట్లాడారు, ఎక్కడ, ఎప్పుడు, మొదటి మాట ఏమిటి, నిడివి ఎంత అని కార్డు రాయాలి. అరగంట టేపుకు గంట పైగా పట్టేది. రిటైరయ్యేదాకా ఆ పనే చేశాను. ఒకసారి ఒక బుర్రకథ కళాకారుని మనుమరాలు వస్తే అయిదు నిమిషాల్లో ఆయన టేపు తీసి వినిపించాను. ఆ అమ్మాయి తల వంచుకుని రెండుసార్లు విన్నది. ఆ రోజు నాకు దివిసీమ అబ్బాయి గుర్తుకొచ్చాడు. అతను మళ్ళీ రాలేదు.

చివరగా ఒక విన్నపం. మీ ఇళ్ళలో పాత క్యాసెట్లు ఉంటాయి. అమ్మ పాట, నాన్నగారి మాట, పిల్లల చిన్ననాటి గోల. వాటి మీద పేరు, ఊరు, సంవత్సరం ఈ వారమే రాయండి. గొంతు గుర్తుపట్టగలిగేది మనమే. క్యాసెట్టు వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచేస్తే పొరపాటున వేరేది రికార్డు కాదు. ఎండ, తేమ, అయస్కాంతం తగలనీయకండి. పిల్లల చేత కంప్యూటరులోకి ఎక్కించి రెండు చోట్ల దాచండి. అసలు క్యాసెట్టు మాత్రం పారేయకండి. ఫోనులో రికార్డు చేసినా అంతే, ముందుగా పేరూ తేదీ చెప్పి మొదలుపెట్టండి.

నేను రాయని ఒక్క పేరు వల్ల ఒక కొడుక్కి తండ్రి గొంతు దక్కలేదు. మీ ఇంట అలా జరగకూడదు.