గళ్ల గుర్తులో బిట్‌కాయిన్ చిరునామా

ఎల్ సాల్వడార్ సముద్రతీరంలోని ఎల్ జోంటే ఊళ్లో చిన్న దుకాణాల్లోనూ బిట్‌కాయిన్ చెల్లుతుంది. కొన్నవాళ్లు ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. 1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క కోసం పుట్టిన కోడే ఇది. ఆ నలుపు తెలుపు గళ్లలో డబ్బుండదు. "బిట్‌కాయిన్" అనే మాట, దాని తర్వాత రెండు చుక్కలు, ఆపైన అమ్మకందారు చిరునామా, కావాలంటే చెల్లించాల్సిన మొత్తం ఉంటాయి. అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఆ పొడవాటి చిరునామాను చేత్తో కొడితే తప్పు దొర్లడం ఖాయం.

మామూలు బిట్‌కాయిన్ చెల్లింపు ఒకసారి ఖరారు కావడానికి సగటున 10 నిమిషాలు పడుతుంది. కాఫీ కోసం అంతసేపు ఎవరు నిలబడతారు? అందుకే లైట్నింగ్ పద్ధతి వచ్చింది. అందులో సాధారణంగా అమ్మకం అమ్మకానికీ కొత్త కోడ్ తయారై, సొమ్ము క్షణాల్లో చేరుతుంది. గోడకు అంటించిన కోడ్‌తోనే అసలు ప్రమాదం. దానిపై మోసగాడు తన స్టిక్కర్ అతికిస్తే సొమ్ము వాడికే పోతుంది, వెనక్కి రప్పించే బ్యాంకు ఉండదు. దుకాణదారు రోజూ పొద్దున్నే తన కోడ్‌ను తానే స్కాన్ చేసి, చిరునామా సరిచూసుకోవాలి.