చేపలోని విషము



హాలాహలమును కంఠముననే నిలిపి లోకమును కాచినవాడు త్రిపురాంతకేశ్వరుడు. చేపకు అట్టి శక్తి లేదు. నీటిలోని విషలోహమును అది తన మేన దాచి, తిన్నవానికి అప్పగించును.

ఆ విషమును వంటయింట తొలగింపవచ్చునా? కొంతవరకే. సీసము, కాడ్మియము హెచ్చుగా మొప్పలలోను, కాలేయములోను, మూత్రపిండములలోను చేరును. కావున వానిని తీసివైచి కడిగిన మేలు. పాదరసము అట్లు కాదు. అది కండలోని మాంసకృత్తులను అంటియుండును. ఉప్పు, చింతపండు, నిప్పు దానిని వదలింపలేవు. చిన్నచేపలను మ్రింగు పెద్దచేపలలో అది మరింత పోగగును.

జపానుదేశమున మినమాటా అఖాతములో ఒక కర్మాగారము విడిచిన పాదరసము వలన కలిగిన వ్యాధి 1956లో బయల్పడెను. అచ్చట చేపలను శుద్ధిచేయు ఉపాయము దొరకలేదు. అడుగుబురదను త్రవ్వితీసిరి, చేపలు వెలికి పోకుండ అఖాతమునకు వలకట్టిరి. ఆ వల 1997లో గాని తీయబడలేదు.

ఇది పరదేశపు మాట మాత్రమే కాదు. తెలుగునాట పటాన్‌చెరు కర్మాగారముల మురుగు నక్కవాగున పడి మంజీర దారి పట్టెను. ఆ గ్రామముల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరెను.

కావున విషమును ఆపవలసిన చోటు కూరకుండ గాదు, వాగు మొదలు. చెరువులోనికి ఏ నీరు వచ్చుచున్నదో కనిపెట్టుట ఊరివారి విధి. చెరువు చెడిన పిదప చేపను కడుగుట, నీరు పోయిన పిదప గట్టు కట్టుటయే.