ఇంకో రెండేళ్ళు



వర్తమానం మీద దృష్టి నిలిపి జీవితంలోనూ, వృత్తిలోనూ లక్ష్యాలు సాధించడం ఎలా అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు కోరారు. గీతాశ్లోకం ఒకటి చదివి కూర్చుంటే సభకు కాలం కలిసివచ్చేది. కాని నాకు మన ఖతార్ సంగతే చెప్పాలనిపించింది.

మన ఇళ్ళల్లో తరచు వినిపించే మాట ఒకటుంది: "ఇంకో రెండేళ్ళు." ఇంకో రెండేళ్ళుండి అప్పు తీర్చుకుని వెళ్ళిపోతాం. ఇంకో రెండేళ్ళకు ఊళ్ళో ఇల్లు పూర్తవుతుంది, అప్పుడు నాకిష్టమైన చదువు చదువుకుంటాను. జగిత్యాల, నిజామాబాద్ వైపువారిదీ ఇదే మాట, కడప, కోనసీమవారిదీ ఇదే మాట. ఆ రెండేళ్ళు ఇరవై ఏళ్ళయినవారు ఈ సభలోనే ఉన్నారు. నవ్వకండి, ముందు వరుసలోనే ఉన్నారు. ఊరి జ్ఞాపకం ఒకవైపు, ఊరికి తిరిగివెళ్ళే రోజు ఒకవైపు; మధ్యనున్న బతుకు లెక్కలోకి రాకుండా పోతున్నది.

చమురు రాకముందు ఈ నేలకు ముత్యాలే జీవనాధారం. మన చార్మినార్ బజారులో బస్రా ముత్యాలని పేరుపడ్డవి ఈ సముద్రపువే. వేసవి నాలుగు నెలలూ మగవాళ్ళు పడవల మీదే ఉండేవారు. ముక్కుకు బిళ్ళ బిగించుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవారు. పైన ఒకడు తాడు పట్టుకుని ఉండేవాడు. బయలుదేరకముందే నఖుదా దగ్గర, అంటే పడవ పెద్ద దగ్గర, బయానా పుచ్చుకునేవారు. చాలామందికి ఆ అప్పు ఒక వేసవితో తీరేది కాదు. వీసా కోసం వడ్డీకి తెచ్చి విమానమెక్కినవారికి ఈ కథ వివరించనక్కరలేదు. అయితే నీటి అడుగున ఉన్న ఆ ఒక్క నిమిషంలో పాత అప్పూ గుర్తుండకూడదు, బొంబాయిలో పలకబోయే ధరా గుర్తుండకూడదు. చేతికందిన ఆల్చిప్పను మెడలోని బుట్టలో వేసుకోవడమే పని. 1930లలో జపాన్ సాగు ముత్యాలూ, ప్రపంచ మాంద్యమూ కలిసి ఆ వ్యాపారాన్నే ముంచేశాయి.

దగ్గరి సంగతి మరొకటి. 2017 జూన్‌లో ఇరుగుపొరుగు దేశాలు సంబంధాలు తెంచుకుని, సౌదీతో ఉన్న ఒక్క భూమార్గమూ మూసివేసినప్పుడు పాలు కూడా కరువవుతాయని అందరమూ భయపడ్డాం. జూలైలోనే ఆవులు విమానాల్లో దిగాయి. ఏడాది తిరిగేసరికి ఇక్కడి పాలు ఇక్కడే. తగవు తీరింది మాత్రం 2021 జనవరిలో! తగవు తీరాకే పాల సంగతి చూద్దామని ఎవరూ కూర్చోలేదు.

వర్తమానం మీద దృష్టి పెట్టమని ఎండలో పనిచేసే కూలీకి చెప్పడం తేలికే. అతని వర్తమానం చాలాకాలం అతని చేతిలో లేదు. యజమాని అనుమతి పత్రం లేనిదే ఉద్యోగం మారే వీలుండేది కాదు. 2020 సెప్టెంబరులో వచ్చిన చట్టంతో ఆ నిబంధన పోయింది. రెండేళ్ళలోపు చేసినవారు ఒక నెల, ఆపైన చేసినవారు రెండు నెలలు ముందుగా నోటీసిస్తే చాలు. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1000 రియాళ్ళు. చట్టం తలుపు తీసింది కాని, దాటడానికి చేతిలో ఏదైనా ఉండాలి కదా. సేఫ్టీ ఉద్యోగానికి నెబోష్ పరీక్ష కావాలి. డిగ్రీ చెల్లాలంటే రాష్ట్రంలోనూ, ఢిల్లీలోనూ దానిమీద ముద్రలు పడాలి. మంచి ఉద్యోగం కనబడ్డ రోజున వీటికోసం పరుగెత్తితే అది ఇంకొకరిదైపోతుంది.

ఇక చిరంజీవులారా, మీతో ఒక మాట. ఇక్కడ పుట్టినంతమాత్రాన ఇక్కడి పౌరసత్వం రాదు. 2018 నాటి శాశ్వత నివాస చట్టం అందేది బహు కొద్దిమందికే. నాన్నగారి ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఈ ఇల్లు. ఇది దిగులుపడవలసిన విషయమని కొందరంటారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మన పెద్దలన్నమాట మీకు సరిపోయినంతగా మరెవరికీ సరిపోదని నేనంటాను. మన గుమ్మం దగ్గరే ఎడ్యుకేషన్ సిటీ ఉంది. వెయిల్ కార్నెల్ వైద్యకళాశాల 2002 నుంచి, కార్నెగీ మెలన్ 2004 నుంచి నడుస్తున్నాయి. అక్కడే ఉన్న టెక్సస్ ఎ అండ్ ఎం శాఖను 2028 నాటికి మూసివేయాలని 2024లో నిర్ణయించారు. అంత పెద్ద విద్యాలయానికే గడువుంది, మన నివాసపత్రం మాటేమిటి? పదో తరగతిలో ఉన్నవారు పన్నెండు అయ్యాక చూద్దామనుకోక, ఆ ప్రవేశాలకు ఏం కావాలో ఈ నెలలోనే కనుక్కోండి.

ఇంటికి వెళ్ళాక మీ నివాసపత్రం మీది గడువు తేదీ చూడండి. ఆ తేదీలోపల మీరు పూర్తిచేయగల పని ఒకటి, ఒక్కటే, కాగితం మీద రాసి గోడకు అంటించండి. తెలుగులో రాస్తే మరీ సంతోషం. అది చదవడం పిల్లలకు రాకపోతే, ఆ ఇంట్లో మొదటి పని అదే అనుకోండి.

సెలవు.