ఇంట్లో కలుపుకున్నంత మాత్రాన శుద్ధమవుతుందా?

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

విశ్వాస సోదరులారా! గుట్కా పొట్లం మానివేసి, ఇంటివద్దనే పొగాకును సున్నంతో నలిపి పెదవి క్రింద ఉంచుకొనేవారు మన మధ్య ఉన్నారు. "ఇది అంగడి సరుకు కాదు, పొగ లేదు, పక్కవారికి బాధ లేదు. ఇందులో దోషమేమిటి?" అని వారు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

మొదట వస్తువును తెలుసుకుందాం. సున్నంలోని క్షారగుణం వలన పొగాకులోని నికోటిన్ నోటి పొర గుండా శీఘ్రంగా రక్తంలో చేరుతుంది. స్వీడన్ దేశీయులు పెదవి క్రింద ఉంచుకొనే స్నూస్‌లో సోడియం కార్బనేటు ఈ పనే చేస్తుంది. ఇక నైట్రోసమైనులనే హానికర పదార్థాలు ఆకును ఆరబెట్టి మాగబెట్టే దశలోనే ఏర్పడతాయి. అరచేతిలో నలిపినా, ఊదినా అవి తొలగవు. పొగలేని పొగాకు నోటికి, అన్నవాహికకు, క్లోమానికి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది. చేయి మనదే కావచ్చు, విషం మాత్రం ఆకుదే.

ఇక ధర్మం మాట. పొగాకు 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుండి తక్కిన ప్రపంచానికి వ్యాపించింది. కనుక ఖుర్ఆన్‌లోగాని, హదీసులలోగాని దాని పేరు కానరాదు. తొలినాళ్ళలో ధర్మవేత్తలు కొందరు ముబాహ్ అన్నారు, కొందరు మక్రూహ్ అన్నారు, కొందరు హరామ్ అన్నారు. నాడు హాని ఇంత స్పష్టంగా తెలియదు, నేడు తెలుసు. పేరు లేకున్నా నియమం ఉంది. మనల్ని మనం స్వహస్తాలతో వినాశంలోకి నెట్టుకోరాదని అల్ బఖరా సూరా 195వ ఆయతు బోధిస్తున్నది. స్వహస్తాలతో! ఆకును నలిపే బొటనవ్రేలు జ్ఞప్తికి రావడం లేదా?

పచ్చి వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని ప్రవక్త (స) వారించారు. వెల్లుల్లి హలాల్ ఆహారమే. అయినా తోటి నమాజీల కోసం ఆ కట్టడి! మరి పొగాకు నోటితో సఫ్‌లో నిలిచేవారు పక్కవారికి బాధ లేదని ఎలా అనగలరు? తండ్రి సున్నపు డబ్బీని తెచ్చి ఇచ్చే పసివాడు ఏ పాఠం నేర్చుకుంటున్నాడు?

సోదరులారా! మేము ఎవరినీ కించపరచడం లేదు. వ్యసనంలో చిక్కినవానిని ఎగతాళి చేయకండి, తోడు నిలవండి. రమజానులో ఫజ్ర్ నుండి మగ్రిబ్ వరకు దాన్ని విడిచి ఉండగలిగినవారు, రాత్రి కూడా విడువగలరు. జేబులో డబ్బీకి బదులు మిస్వాక్ ఉంచుకోండి. నోటిలో తెల్లని మచ్చగాని, మానని పుండుగాని రెండు వారాలు మించి ఉంటే వైద్యునికి చూపించండి. సిగ్గుపడి దాచకండి.

అల్లాహ్ మన దేహాలను, మన సంతానాన్ని కాపాడుగాక! విడువదలచినవారికి స్థైర్యం ప్రసాదించుగాక! ఆమీన్.