ఎర్రకన్ను – ఆకు పసరు



కన్ను ఎర్రబడింది. నీరు కారుతోంది. మన ఊళ్ళలో ఏం చేస్తారు? ఒకరు ఆకు పసరు పిండమంటారు. ఇంకొకరు మందుల షాపులో చుక్కలు కొనుక్కోమంటారు.

కండ్లకలక ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. చాలామందికి రెండు మూడు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. కానీ హెర్పిస్ అనే వైరస్ మొండిది. పెదవి మీద పొక్కులు తెచ్చేదీ అదే. అది నల్లగుడ్డును పట్టుకుంటే పుండు పడుతుంది. మచ్చ మిగులుతుంది. చూపు పోవచ్చు.

ఈ పుండు మీద స్టెరాయిడ్ చుక్కలు వేశారనుకోండి. ఎరుపు తగ్గుతుంది. హమ్మయ్య అనుకుంటాం. లోపల వైరస్ పెరిగిపోతుంది. అందుకే షాపులో "ఇది స్టెరాయిడా?" అని అడగండి. డాక్టరు చెప్పనిదే వేయకండి.

"మరి చెట్టు మందు మంచిదే కదా?" అని కొందరంటారు. చెట్లలోనూ స్టెరాయిడ్ జాతి పదార్థాలున్న మాట నిజమే. అర్జెంటీనా దేశపు శాస్త్రవేత్తలు అలాంటివే కొన్ని తయారుచేశారు. హెర్పిస్ సోకిన ఎలుకల కళ్ళలో వేసి చూశారు. జబ్బు తగ్గుముఖం పట్టిందని 2004లో ప్రకటించారు. మంచి కబురే! కానీ అది ఎలుకల మాట. మనుషుల కంటికి మందు కావాలంటే ఎన్నో పరీక్షలు దాటాలి.

పైగా వాళ్ళు వేసింది శుద్ధిచేసి, కొలిచిన మందు. మనం పిండేది పచ్చి పసరు. అందులో మట్టి ఉంటుంది, క్రిములుంటాయి. పుండు మీద పడితే కన్నే పోవచ్చు.

చేతులు సబ్బుతో కడుక్కోండి. తువ్వాలు వేరుగా పెట్టండి. నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. హెర్పిస్‌కు ఎసైక్లోవిర్ వంటి మందులున్నాయి. ఆలస్యం చేయకండి. పోయిన చూపు మళ్ళీ రాకపోవచ్చు.